విజయవాడలో కరాటే ఇన్విటేషన్ టోర్నమెంట్ – పాపను కుమితేలో దింపవచ్చా?

ఖమ్మం_అమ్మ

అందరికీ నమస్కారం అండీ. మాది ఖమ్మం. మా పాపకు 11 ఏళ్ళు, కరాటేలో గ్రీన్ బెల్ట్. సాయంత్రం పూట స్కూల్ గ్రౌండ్‌లో మాస్టర్ గారు నేర్పిస్తారు. వచ్చే నెల విజయవాడలో ఒక క్లబ్ వాళ్ళు ఇన్విటేషన్ టోర్నమెంట్ పెడుతున్నారు, మా క్లబ్‌ను కూడా పిలిచారు. మాస్టర్ గారు తొమ్మిది మంది పిల్లలను ఎంపిక చేశారు. అందులో మా పాప పేరు ఉంది. ఇక దాని సంతోషానికి పట్టపగ్గాల్లేవు. వంటింట్లోకి మంచినీళ్ళకు వచ్చినా నాలుగు పంచ్‌లు వేసి గానీ వెళ్ళడం లేదు.

మాస్టర్ గారు కటా (ఎదురు మనిషి లేకుండా ఒక వరుసలో చేసి చూపించే కదలికలు), కుమితే (ఇద్దరు ఎదురెదురుగా ఆడే ఫైట్) రెండింటికీ పేరు ఇస్తానంటున్నారు. ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి టీమ్ కటా కూడా ఉంది. మా వారికి కటా వరకు అభ్యంతరం లేదు. కుమితే అనేసరికి ‘ముఖానికి దెబ్బ తగిలితే ఎవరు బాధ్యులు?’ అంటున్నారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కానీ రెండేళ్ళుగా వానలోనూ ఎండలోనూ క్లాసు మానని పిల్లను ఇప్పుడు నువ్వు పక్కన కూర్చో అనడానికి నాకు మనసు రావడం లేదు.

ఇంకొకటి. పాప బరువు ముప్పై ఒకటిన్నర కేజీలు. ఫారంలో 30 కేజీల లోపు ఒక కేటగిరీ, 35 లోపు ఇంకో కేటగిరీ ఉన్నాయి. తోటి పేరెంట్ ఒకరు ‘రెండు వారాలు రాత్రి అన్నం మానిపించండి, 30లోకి దిగితే మెడల్ గ్యారంటీ’ అంటున్నారు. నాకు అది సరిగ్గా అనిపించలేదు.

గ్లోవ్స్, గార్డ్స్ ఎన్ని కొనాలి? ఈ సర్టిఫికెట్ రేపు స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుందా? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. నేను ఇంతవరకు కరాటే పోటీ కళ్ళతో చూడలేదు.

గుంటూరు_నాన్న

మా అబ్బాయి నాలుగేళ్ళుగా ఆడుతున్నాడండీ. సామాన్ల సంగతి వరకు నేను చెప్తాను, ఆట గురించి తెలిసినవాళ్ళు చెప్తారు.

కుమితేలో పిల్లలు తమ గ్రీన్ బెల్ట్, బ్రౌన్ బెల్ట్ కట్టుకుని దిగరు. ఒకరికి ఎర్ర బెల్ట్, ఒకరికి నీలం బెల్ట్. ఎరుపును ఆకా అని, నీలాన్ని ఆవో అని పిలుస్తారు. గ్లోవ్స్, కాళ్ళ గార్డ్స్ కూడా అదే రంగు ఉండాలి. ఏ ఫైట్‌కి ఏ రంగు వస్తుందో ముందు తెలియదు కాబట్టి రెండు రంగులూ కావాలి. ప్రతి ఇంటివాళ్ళూ రెండు సెట్లు కొనక్కర్లేదు, క్లబ్‌లో సైజుల వారీగా కలిపి కొనుక్కోండి. అయితే ఒకే సైజు పిల్లలు ఇద్దరికి రెండు మ్యాట్‌ల మీద ఒకేసారి పిలుపు వస్తుంది. అప్పుడు ఒకరి చేతి నుంచి గ్లోవ్స్ ఊడదీసి ఇంకొకరికి తొడిగేలోపు పేరు మూడుసార్లు చదివేస్తారు. అందుకని తొమ్మిది మందికి రెండు రంగుల్లోనూ కనీసం మూడేసి సెట్లు ఉంచండి.

గమ్ షీల్డ్ మాత్రం ఎవరిది వాళ్ళదే. వేడినీళ్ళలో పెట్టి కొరికించి పంటికి సరిపోయేలా చేయాలి. పది రోజుల ముందే కొని ప్రాక్టీస్‌లో పెట్టించండి, లేకపోతే ఆ రోజు ఊపిరి ఆడటం లేదని తీసేస్తారు. చెస్ట్ గార్డ్, ఫేస్ మాస్క్ వాళ్ళిస్తారా మనమే తెచ్చుకోవాలా అన్నది మాస్టర్ గారిని అడగండి.

తిండి: ఉదయం ఇడ్లీ, తర్వాత అరటిపండు, గ్లూకోజ్ నీళ్ళు, మధ్యాహ్నం కొంచెం పెరుగన్నం. విజయవాడ అనగానే పిల్లలు బిరియానీ అంటారు. అది పోటీ అయ్యాక. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్స్ రెండేసి పెట్టుకోండి.

తెనాలి_కోచ్

అమ్మా, నేను తెనాలిలో పిల్లలకు కరాటే నేర్పిస్తాను. పోటీల్లో కార్నర్ జడ్జిగా, అంటే మ్యాట్ మూలన కూర్చుని జెండా ఎత్తే జడ్జిగా కూడా కూర్చుంటూ ఉంటాను. ముందు మీ వారి భయం గురించి మాట్లాడతాను, ఎందుకంటే అసలు విషయం అదే.

కుమితే అంటే కొట్టుకోవడం అనుకుంటారు చాలామంది. ఈ పోటీలో పాయింట్ వచ్చేది గట్టిగా కొట్టినందుకు కాదు. సరైన దూరం నుంచి, సరైన క్షణంలో, పూర్తి వేగంతో వెళ్ళి అవతలి పిల్లకు దెబ్బ తగలకుండా ఆపగలిగినందుకు. దీన్ని మేం కంట్రోల్ అంటాం. చేత్తో వేసే పంచ్‌కి 1 పాయింట్ (యుకో), పొట్టకో వీపుకో వేసే కిక్‌కి 2 (వాజా-ఆరి), తల వైపు వేసే కిక్‌కి 3 (ఇప్పొన్). ఎనిమిది పాయింట్ల తేడా వస్తే అక్కడితో ఫైట్ అయిపోతుంది. ముఖానికి పంచ్ తగిలిందంటే పాయింట్ రాకపోగా హెచ్చరిక వస్తుంది. హెచ్చరికలు పెరుగుతూ పోతే చివరికి హన్సోకు, అంటే ఆ ఫైట్ నుంచి బయటికే.

దీనికి నేను మా పిల్లలకు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ టోక్యో ఒలింపిక్స్. 2021 ఆగస్టు 7, నిప్పన్ బుడోకాన్‌లో 75 కేజీల పైబడిన మగవాళ్ళ ఫైనల్. సౌదీ అరేబియా ఆటగాడు తారెగ్ హమేదీ 4–1తో ముందున్నాడు. ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదేకి తల వైపు కిక్ వేశాడు. గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు, స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. కిక్‌బాక్సింగ్ అయితే హమేదీ గెలిచినట్టే. ఇక్కడ రిఫరీలు హమేదీని డిస్‌క్వాలిఫై చేసి, పడిపోయిన మనిషికి స్వర్ణం ఇచ్చారు. అది న్యాయమా కాదా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. నా వరకు ఆ తీర్పు సరైనదే. ఒలింపిక్ ఫైనల్లో పెద్దవాళ్ళకే ఆ నియమం వర్తించినప్పుడు, 11 ఏళ్ళ పిల్లల మ్యాట్ మీద అది ఇంకెంత గట్టిగా ఉండాలి!

కాబట్టి ‘కుమితేలో దింపవచ్చా’ అనడిగితే నా జవాబు, ఆ టోర్నమెంట్‌లో కంట్రోల్‌ను పట్టించుకుంటారా లేదా అన్న దాని మీద ఉంటుంది. ఈ సంగతులు మీ మాస్టర్ గారిని నిస్సంకోచంగా అడగండి. ఏ నియమాల ప్రకారం ఆడిస్తున్నారు? 14 ఏళ్ళ లోపు వాళ్ళకు ఫేస్ మాస్క్ తప్పనిసరా? హాల్లో డాక్టర్ ఉంటారా, లేక ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఒక్కటేనా? బరువు, వయసు అక్కడ మళ్ళీ చూస్తారా? ఈ చివరిది చాలా ముఖ్యం. కొన్నేళ్ళ క్రితం ఒక ఊళ్ళో జరిగిన ఇన్విటేషన్‌లో ఫారం మీద రాసిన బరువునే నమ్మి డ్రా (ఎవరితో ఎవరు ఆడాలన్న జాబితా) వేశారు. మా పిల్లవాడి ఎదురుగా వాడికంటే జానెడు పొడుగున్న అబ్బాయి నిలబడ్డాడు. మొదటి పంచ్ మాస్క్‌కి తగిలింది, రిఫరీ చూసీ చూడనట్టు వదిలేశారు. రెండోది కూడా తగలగానే నేను మా వాణ్ణి మ్యాట్ మీద నుంచి దింపేశాను. వాడు ఏడ్చాడు, వాళ్ళ నాన్నకు నా మీద కోపం వచ్చింది. అయినా అలాంటి పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను. మీ మాస్టర్ గారు అలా దింపగల మనిషా అన్నది ఇన్నాళ్ళ పరిచయంలో మీకు తెలిసే ఉంటుంది. తెలిస్తే మీ వారికి ఆ మాటే చెప్పండి.

తలకు దెబ్బ తగిలాక పిల్లకు తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, మాట తడబడటం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకి ఆట ఆపేయాలి. ‘నేను బాగానే ఉన్నా’ అని పిల్ల చెప్పినా సరే. ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇందులో బేరాలు వద్దు.

బరువు సంగతి. రాత్రి అన్నం మానిపించే ఆలోచన దయచేసి ఇప్పుడే వదిలేయండి. ఎదిగే పిల్ల. పైగా విజయవాడ ఉక్కలో, నీరసంగా ఉన్న పిల్ల దూరాన్ని సరిగ్గా అంచనా వేయలేదు. దెబ్బలు తగిలేదీ తగిలించేదీ అలాంటప్పుడే. 35 లోపులో పేరు ఇవ్వండి. కొంచెం పెద్ద పిల్లలతో ఆడితే ఓడిపోవచ్చు, కానీ పాప కాళ్ళు ఎంత కదపాలో నేర్చుకుని వస్తుంది.

కటాలో ఇద్దరు ఆడాక జడ్జీలు జెండాలు ఎత్తే పద్ధతి మన దగ్గర పిల్లల పోటీల్లో ఎక్కువ. మధ్యలో మర్చిపోయి ఆగిపోతే ఓటమే. బెల్ట్ ఊడి కింద పడినా డిస్‌క్వాలిఫై చేస్తారు, అందుకని ముడి గట్టిగా ఉందో లేదో లోపలికి వెళ్ళే ముందు చూడమనండి. పాప కటా పేరు గొంతెత్తి చెప్పాలి. పిల్లలు నేర్చుకునే ఈ కటాలను మీది షోటోకాన్ శైలి క్లబ్ అయితే హెయాన్ అంటారు, షిటో-ర్యూ శైలి అయితే పినాన్ అంటారు. షోటోకాన్ వాళ్ళ హెయాన్ షోదాన్, మిగతావాళ్ళ పినాన్ నిదాన్ రెండూ ఒకే కటా. ఇవి జపాన్‌లోని ఒకినావాలో ఇతోసు అంకో గారు స్కూల్ పిల్లల కోసం కూర్చిన కటాలు, అంటే మొదటి నుంచీ మీ పాప వయసు వాళ్ళవే. పక్క పిల్ల వేరే పేరు చెప్పి అదే కటా మొదలుపెడితే మనవాళ్ళు కంగారు పడకూడదని ముందే చెప్తున్నాను.

టీమ్ కటాలో ముగ్గురూ ఒక్క మనిషిలా కదలాలి. ముగ్గురిలో ఒకరికి కుమితేలో దెబ్బ తగిలితే ఆ టీమ్ అంతా పోతుంది. ఏది ముందు ఆడిస్తారో కనుక్కోండి.

ఇంకొక్క మాట. గ్యాలరీలో కూర్చుని ‘కొట్టు, కొట్టు’ అని అరవకండి. పిల్లలకు కోచ్ మాట వినబడదు, పైగా అమ్మ గొంతు విని ముందుకు దూకుతారు. కంట్రోల్ పోయేది అక్కడే.

హైదరాబాద్_పాత_విద్యార్థి

కోచ్ గారి మాటలు బాగున్నాయి గానీ అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఈ ఇన్విటేషన్లు ఎక్కువ భాగం డబ్బుల కోసమే కదా? నేను స్కూల్ రోజుల్లో బోలెడు ఆడాను. వయసు, బరువు, బెల్ట్ అంటూ కేటగిరీలను ఎంత సన్నగా కోస్తారంటే ఒక్కోదాంట్లో నలుగురే ఉంటారు. ఒకరికి స్వర్ణం, ఒకరికి రజతం, ఇద్దరికి కాంస్యం. ఒక్క ఫైట్ గెలవకుండానే మెడల్. ఇంటికొచ్చాక ఫ్లెక్సీ, వాట్సాప్ స్టేటస్. నా దగ్గర అలాంటివి ఒక సంచీ నిండా ఉన్నాయి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి పట్టుకెళ్తే ఒక్కటీ లెక్కలోకి రాలేదు. అమ్మగారు కోటా గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను, ఆ ఆశతో మాత్రం వెళ్ళకండి.

తెనాలి_కోచ్

కోటా విషయంలో మీరు చెప్పింది నిజం. క్లబ్బులు పెట్టుకునే ఇన్విటేషన్ సర్టిఫికెట్ మీద సీటు వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. కోటాకు ప్రభుత్వం ఏ సంఘాన్ని, ఏ స్థాయి పోటీని గుర్తించిందో ఆ ఏడాది ఉత్తర్వుల్లో చూసుకోవాలి. కరాటే 1994 హిరోషిమా నుంచి ఏషియన్ గేమ్స్‌లో ఉంది. ఒలింపిక్స్‌లో టోక్యోలో మాత్రమే ఆడించారు, 2024 పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజిలెస్‌లో కూడా లేదు. ఇవన్నీ తెలిసే పిల్లలను పంపాలి.

నలుగురి కేటగిరీల మాట కూడా నిజమే, నేను కాదనను. అందుకే డ్రా ఎంతమందితో ఉందని ముందే అడుగుతాను. మా పిల్లకు ఎదురుగా ఎవరూ లేక నేరుగా స్వర్ణం చేతిలో పెడితే, ఆ పూటే హాల్లో ఉన్న ఇంకో క్లబ్ మాస్టర్‌తో మాట్లాడి వాళ్ళ పిల్లతో ఒక స్నేహపూర్వక ఫైట్ ఆడిస్తాను. మాకు కావాల్సింది అదే. తమ క్లబ్‌లో రోజూ ఆడే ఆ నలుగురి అలవాట్లు పిల్లలకు కంఠతా వచ్చేస్తాయి. ఎవరు కుడి కాలు ముందు వేస్తారో, ఎవరు పంచ్‌కి ముందు భుజం ఎగరేస్తారో తెలుసు. తెలియని పిల్ల ఎదురుగా నిలబడి, తెలియని రిఫరీ ‘హజిమె’ (మొదలుపెట్టండి) అన్నప్పుడు కూడా చెయ్యి ఆపగలుగుతోందా అన్నది ఇంట్లో తేలదు. జిల్లా, రాష్ట్ర పోటీలు ఏడాదికి ఎన్ని వస్తాయి? ఒక్క ఫైట్ ఓడిపోతే ఏడాదంతా ఎదురుచూడాలి. ఇన్విటేషన్లు ఆ లోటు తీరుస్తాయి. ఫ్లెక్సీ వేయడం, వేయకపోవడం మన చేతిలోని పని.

ఖమ్మం_అమ్మ

అందరికీ ధన్యవాదాలు. పోయిన ఆదివారం వెళ్ళొచ్చాం, ఏం జరిగిందో చెప్పాలనిపించింది.

కోచ్ గారూ, మీరు రాసినవన్నీ మాస్టర్ గారిని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు, పైగా టోర్నమెంట్ వాళ్ళకు ఫోన్ చేసి అన్నీ కనుక్కుని పేరెంట్స్ అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. మాస్క్ తప్పనిసరి, బరువు అక్కడే చూశారు, డాక్టర్ కూడా ఉన్నారు. పాప పేరు 35 లోపులో ఇచ్చాం. మా వారు ‘నేను కూడా వస్తాను, నా కళ్ళతో చూస్తాను’ అన్న షరతు మీద ఒప్పుకున్నారు.

తెల్లవారుజామున టెంపో ట్రావెలర్‌లో బయల్దేరాం. ఎనిమిదింటికి రమ్మన్నారు, మా పాప కుమితే పిలుపు వచ్చేసరికి మూడు దాటింది. ఎదురుచూడటమే అన్నిటికంటే కష్టం అనిపించింది. కటా మొదటి రౌండ్‌లోనే పోయింది, నాలుగు ఎర్ర జెండాలు, ఒక నీలం. మా పాప నీలం. టీమ్ కటాలో మాత్రం ముగ్గురికీ కాంస్యం. మా క్లబ్‌లో అందరికంటే చిన్నవాడు, ఎనిమిదేళ్ళవాడు, కటా మధ్యలో ఆగిపోయాడు. వాడు బయటికి రాగానే మిగతా ఎనిమిది మందీ చుట్టూ చేరి కూర్చోబెట్టుకున్నారు. ఎవరూ చెప్పకుండానే చేశారు. నాకు చాలా ముచ్చటేసింది.

కుమితే మొదటి ఫైట్ పాప 5–2తో గెలిచింది. రెండో దాంట్లో అవతలి పాప పొడుగు. మొదట ఒక పంచ్, తర్వాత పొట్టకు కిక్ వేసి 3–0 చేసింది. మా పాప చివర్లో తల వైపు కిక్ వేసింది, మాస్క్‌ని తాకకుండా ఆగింది. కార్నర్ జెండాలు లేచాయి, 3 పాయింట్లు! 3–3 అయింది. టైమ్ అయిపోయింది. అవతలి పాప గెలిచిందన్నారు. స్కోరు సమానం కదా, ఎలా గెలిచింది? పైగా చివర్లో ఆ పాప గీత దాటి మ్యాట్ బయటికి వెళ్ళింది కూడా. ఈ ప్రశ్న నాది కాదండీ, మా వారిది. ఆదివారం నుంచి ఫోన్‌లో ఆ వీడియోనే చూస్తున్నారు.

తెనాలి_కోచ్

చాలా సంతోషం అమ్మా. ఆ మూడు పాయింట్ల కిక్ గురించి చదివి మా క్లాసులో పిల్లలకు కూడా చెప్పాను. తల దాకా వెళ్ళి మాస్క్‌ను తాకకుండా ఆగిన కాలు, దానికి ఎంత సాధన కావాలో మాకు తెలుసు.

ఇక మీ వారి ప్రశ్న. దీన్ని సెన్షు అంటారు. అవతలి మనిషి స్కోర్ చేయకముందే మొదటి పాయింట్ ఎవరు తీసుకుంటే వాళ్ళ పేరు పక్కన స్కోర్‌బోర్డు మీద ఒక గుర్తు పడుతుంది. టైమ్ అయ్యేసరికి స్కోరు సమానంగా ఉంటే ఆ గుర్తు ఉన్నవాళ్ళే గెలిచినట్టు. ఆ పొడుగు పాప మొదటి పంచ్‌తో దాన్ని తీసుకుంది.

గీత దాటిన సంగతి మీ వారు భలే పట్టుకున్నారు. ఫైట్ ఇంకా 15 సెకన్లు ఉందనగా ఒక బజర్ మోగుతుంది. ఆ తర్వాత సెన్షు ఉన్న పిల్ల పోరు తప్పించుకోవడానికి గీత దాటి హెచ్చరిక తెచ్చుకుంటే సెన్షు రద్దవుతుంది. బజర్‌కి ముందు దాటితే హెచ్చరిక మాత్రమే, సెన్షు అలాగే ఉంటుంది. మన పిల్ల తోస్తే బయటికి వెళ్ళినా అది ఆ పాప తప్పు కాదు. వీడియోలో శబ్దం పెట్టుకుని బజర్ ఎప్పుడు మోగిందో, ఆ తర్వాత రిఫరీ హెచ్చరిక ఇచ్చారో లేదో చూడమనండి. అభ్యంతరం ఉంటే అక్కడికక్కడే కోచ్ ద్వారానే చెప్పాలి, ఇప్పుడు ఫలితం మారదు. కానీ మీ మాస్టర్ గారికి ఆ వీడియో చూపించండి, వచ్చేసారి కోచ్ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయనకు పనికొస్తుంది.

ప్రాక్టీస్‌లో ఒకటి చేయించమని ఆయనకు చెప్పండి. ఇద్దరిని నిలబెట్టి, మొదటి పాయింట్ పడగానే ఆపేసి, జోడీ మార్చేయాలి. పది నిమిషాలు చాలు. వారానికి రెండుసార్లు చేస్తే పొడుగు పిల్ల ముందు ఎంత దూరంలో నిలబడాలో కాళ్ళకే తెలిసిపోతుంది. వర్షాకాలం అయ్యాక మా క్లబ్ పిల్లలు కూడా విజయవాడ వస్తారు. వీలుంటే మీ తొమ్మిది మందినీ తీసుకురండి, కలిపి ఆడిద్దాం.